ఒకటిచ్చి మూడు తెచ్చుకున్న పుంత దొడ్డి

పుంత దొడ్డికీ రేవు దొడ్డికీ మధ్య ఒక వాగు ఉంది. వానాకాలంలో దాని పొగరు చూడాలి. ఎండలు ముదిరాయంటే మాత్రం ఇసక తప్ప ఏమీ మిగలదు. ఆ ఇసక మధ్యలో ఒక్క మడుగు ఉంటుంది. రెండు దొడ్ల పశువులకీ, పక్షులకీ ఎండాకాలమంతా ఆ మడుగే గతి.

పొద్దున్నే దిగినవాళ్లకి తేట నీళ్లు. ఒక దొడ్డి మంద దిగి, తాగి, పొర్లి లేచాక రెండో దొడ్డికి మిగిలేది బురద. ఎవరు ముందు దిగాలన్న పేచీలో ఒకప్పుడు కొమ్ములు విరిగేవి. చివరికి పెద్దలెవరో ఒక పద్ధతి పెట్టారు. ఏటా కోతలయ్యాక కళ్లంలో రెండు దొడ్లూ చెడుగుడు ఆడాలి. గెలిచినవాళ్లకి తొలి నీళ్లు, ఓడినవాళ్లకి మలి నీళ్లు. అందుకని ఆ దొడ్లలో చెడుగుడంటే సరదా కాదు, దాహం.

ఆట మీకు తెలిసిందే. మధ్యలో గీత, అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. ఒకడు కూత పెట్టుకుంటూ అవతలికి వెళ్లాలి, ఎవరినైనా తాకాలి, ఆ ఒక్క ఊపిరిలోనే తిరిగొచ్చి గీత తాకాలి. మధ్యలో కూత తెగితే వాడే ఔట్, వాడు తాకింది లెక్కలోకి రాదు. తెగకుండా తిరిగొస్తే తాకించుకున్నవాడు ఔట్. ఎవరి వైపు ముందు ఖాళీ అయితే వాళ్లు ఓడినట్టు.

పుంత దొడ్డి ఆరేళ్లలో ఐదేళ్లు గెలిచింది. ఆ ఆరేళ్లూ జట్టులో సోములు అనే ఎద్దు ఉన్నాడు. సోములు ఒక్కసారి కూడా కూతకి వెళ్లలేదు. ఆయనకి గొంతే లేదు, నిట్టూర్పు తప్ప. అవతలివాడు కూతకొచ్చి, ఎవరినో తాకి, వెనక్కి తిరిగేసరికి సోములు గీత ముందు అడ్డంగా ఉండేవాడు. పరిగెత్తేవాడు కాదు, కుమ్మేవాడు కాదు, నిలబడేవాడు. కూతగాడు అటు తిరిగితే అటో అడుగు, ఇటు తిరిగితే ఇటో అడుగు వేసేవాడు. ఈలోగా వాడి ఊపిరి అయిపోయేది.

నిలబడటంలో గొప్ప ఏముంటుంది, మీరే చెప్పండి? గడ్డివాము కింద కూర్చుని ఆట చూసేవాళ్లకి అసలేమీ కనపడలేదు.

ఆ గడ్డివాము సంగతి చెప్పాలి. కళ్లం పక్కనే ఉండేది. దాని నీడలో రోజూ ముగ్గురు చేరేవాళ్లు. మేకపోతు సింగన్న, కాకి నూకాలు, గాడిద బుచ్చెయ్య. ముగ్గురిలో ఎవరూ ఏనాడూ ఆడి ఎరగరు. ఆట గురించి మాత్రం వాళ్లకి తెలియనిది లేదు. సింగన్నకి గడ్డం ఉంది కాబట్టి ఆయన మాటకి బరువెక్కువ. జట్టు పెద్ద కొండడు అనే కుక్క కూడా ఆ గడ్డివాము కింద ఏమనుకుంటున్నారో కనుక్కునిగానీ ఏ పనీ చేసేవాడు కాదు.

నిరుడు మాత్రం పుంత దొడ్డి ఓడిపోయింది. చివరి కూతకి కొండడే వెళ్లాడు. ఇద్దరిని తాకాడు, తిరిగాడు, గీత ఇంకా మూరెడు దూరం ఉందనగా ఊపిరి తెగింది. ఆ ఎండాకాలం పుంత దొడ్డి బురద తాగింది. సింగన్న భార్య బంగారి అప్పుడే ఈనింది. రెండు పిల్లలు. ఆ నీళ్లు పడక పది రోజులు నిండకుండానే రెండూ పోయాయి. బంగారి చాలా రోజులు ఖాళీ మూల వైపు చూస్తూ అరిచేది.

ఈ ఏడు బంగారి మళ్లీ చూలుతో ఉంది. సింగన్నకి నిద్రలో కూడా ఒకటే ఆలోచన, ఈసారి తొలి నీళ్లు మనవే కావాలి. ఆ ఆలోచన మంచిదే. దాని వెంట వచ్చిన తెలివితేటలే కొంప ముంచాయి.

మార్గశిరంలో ఒకరోజు తెల్లారగట్ల రేవు దొడ్డి నుంచి నక్క తాతారావు వచ్చాడు. అవతలి జట్టుకి పెద్ద అతనే. వెంట ఒక ఎర్రటి కోడిపుంజు, రెండు బాతులు. నక్క పక్కన బాతులు ఎలా నడిచాయని నన్నడక్కండి. అవసరం ఉన్నన్నాళ్లు తాతారావు ఎంత మంచిగా అయినా ఉండగలడు.

"ఏవండీ సింగన్నగారూ, బాగున్నారా? నిరుటి ఆట తలుచుకుంటే నాకే కడుపు తరుక్కుపోతుందండి. గెలిచామన్న మాటేగానీ మా దొడ్డిలో ఎవరికీ సంతోషం లేదు."

"మీకెందుకండీ బాధ? తేట నీళ్లు తాగారుగా," అన్నాడు సింగన్న.

"అలాగనకండి. మూరెడు దూరం! ఆ మూరెడు కూతే మీకుంటే గెలిచేవోరా, కాదా?"

"గెలిచేవాళ్లం."

"మరి మీకు లేనిదేంటి?"

"కూత," అంది నూకాలు పైనుంచి.

"చూశారా, నూకాలమ్మగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. మీకు కూతగాడు లేడు. మా దగ్గరేమో ఈ పైడిరాజున్నాడు. కూతలో వీడికి సాటి చుట్టుపక్కల ఏడు దొడ్లలో లేడండి, నా మీద ఒట్టు. ఏదీ పైడిరాజూ, ఒక్కసారి కూత పెట్టు నాన్నా."

పుంజు రాతి మీదికి ఎగిరింది. మెడ సాచింది. ఒళ్లంతా గొంతు చేసుకుని కూసింది. గడ్డివాము మీదున్న నూకాలు అదిరిపడి కొబ్బరిచెట్టెక్కింది. బుచ్చెయ్య చెవులు రెండూ వెనక్కి వాలిపోయాయి. దూరాన ఎక్కడో ఊళ్లో ఇంకో పుంజు బదులు పలికింది.

"అబ్బో," అన్నాడు సింగన్న. "అది కూతంటే!"

"కూతే కదండీ మరి," అన్నాడు తాతారావు వినయంగా. "వీడిని మీకిచ్చేస్తాను. మీ మీద అభిమానం కొద్దీ ఈ రెండు బాతుల్నీ కూడా ఇస్తాను. నాకు మీ సోములొక్కడు చాలండి."

"సోములా? వయసైపోయినోడు, ఆడితో మీకేం పనండీ?"

"ఏదోలెండి. మా దొడ్డిలో కుర్రాళ్లెక్కువయ్యారు. పెద్ద తలకాయ ఒకటుంటే నిండుగా ఉంటుందని."

నూకాలు చెట్టు మీంచి దిగొచ్చింది. దానికి లెక్కలంటే ప్రాణం. నక్కకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఒరే సింగన్నా, కుండమార్పిడి పెళ్లిలో కూడా ఒక పిల్లనిచ్చి ఒక పిల్లనే తెచ్చుకుంటారు. ఇక్కడ ఒకటిచ్చి మూడు తెచ్చుకుంటున్నాం. నక్కకి మతి పోయినట్టుంది. మాట మార్చేలోపు ఊ అను."

"మరి గీత దగ్గరెవరుంటారు?" అన్నాడు బుచ్చెయ్య.

అందరూ వాడి వైపు చూశారు.

"అంటే?" అన్నాడు సింగన్న.

"సోములు పోతే గీత దగ్గరెవరు నిలబడతారని."

"నిలబడ్డానికి ఎవడైతేనేం బుచ్చెయ్యా? నువ్వు రోజూ చేసే పని అదేగా!"

గడ్డివాము కింద నవ్వులు. బుచ్చెయ్య కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. కొండడిని పిలిచి చెప్పారు. సోముల్ని ఇవ్వడం వాడికిష్టం లేదు. కానీ నిరుడు ఊపిరి తెగింది తనకే కదా. సిగ్గుపడ్డవాడు గట్టిగా కాదనలేడు.

"మీరంతా అనుకుంటే సరే," అన్నాడు.

సోములుకి చెప్పడానికి సింగన్నే వెళ్లాడు. వాళ్లిద్దరూ చిన్నప్పటినుంచీ బావా బావా అని పిలుచుకునేవాళ్లు. గడ్డివాముకి అవతలి పక్క సోములు నెమరేసుకుంటూ ఉన్నాడు.

"బావా, రేవు దొడ్డిలో మేత బాగుంటదంట."

"అలాగా బావా."

"నీకూ వయసొచ్చింది. అక్కడ కుర్రాళ్లున్నారు, కష్టముండదు."

"అలాగే బావా," అన్నాడు సోములు. లేచాడు, వాగు ఇసకలో దిగి అవతలికి నడిచాడు. సింగన్న సాగనంపుదామనుకున్నాడు. కానీ ఇవతల గడ్డివాము కింద పుంజుని ముందు పంపాలా, వెనక పంపాలా అని వాదన మొదలైంది. తను లేకుండా వాళ్లేం తేల్చేస్తారోనని గబగబా వచ్చేశాడు. ఆ నాలుగడుగులు వెంట నడవనందుకు తర్వాత ఎంత ఏడ్చాడో నాకు తెలుసు.

ఆ నెలంతా గడ్డివాము కింద ఒకటే చర్చ. మార్పిడిలో ఎవరు గెలిచారు? మనమేనని తీర్మానమయ్యేది, మర్నాడు మళ్లీ మొదలయ్యేది. గెలిచినవాళ్లు అన్నిసార్లు ఎందుకు తేల్చుకోవాలో నాకర్థం కాదు.

మొదటి చిక్కు వెంటనే వచ్చింది. ఒకటిచ్చి మూడు తెచ్చుకున్నారు, బాగానే ఉంది. కళ్లంలో దిగేది మాత్రం ఏడుగురే. ముగ్గురు కొత్తవాళ్లు దిగాలంటే ఉన్నవాళ్లలో ఇద్దరు బయట కూర్చోవాలి. పంది, పొట్టేలు బయటికెళ్లాయి. పొట్టేలు అలిగి రెండు రోజులు మేత ముట్టలేదు.

"అంటే ఒకటిచ్చి మూడు తెచ్చుకోలేదన్నమాట," అన్నాడు బుచ్చెయ్య నెమ్మదిగా. "మూడిచ్చి మూడు తెచ్చుకున్నాం."

"ఈడొకడు," అంది నూకాలు. "బయట కూర్చుంటే మాత్రం మనోళ్లు కాకుండా పోయారా?"

రెండో చిక్కు బాతులు. అవి విడిగా ఉండలేవు. ఒకటి ఔటైతే రెండోది కూడా దాని వెనకే నడిచి బయటికెళ్లిపోయేది. అది ఔట్ కాలేదని ఎంత చెప్పినా వినేది కాదు. ఒకటి కూతకెళ్తే రెండోది గీత దాకా వచ్చి అక్కడ నిలబడి బిక్కమొహం వేసేది.

మూడో చిక్కు పెద్దది. మెరక మీద గొర్రెల మందతో ఉత్తుత్తి ఆట ఒకటి పెట్టారు, పుంజు సత్తా చూద్దామని. పైడిరాజు గీత దాటాడు, మెడ సాచి ఒక్క కూత కూశాడు. గొర్రెలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. గడ్డివాము బృందం లేచి గంతులేసింది. పైడిరాజు కూత ఆపి, తల పక్కకి వంచి, తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"కూత తెగింది. ఔట్," అన్నాయి గొర్రెలు.

మూడుసార్లు వెళ్లాడు, మూడుసార్లూ అంతే. కొండడు పక్కకి పిలిచి అడిగాడు.

"ఆపకుండా కూయాలి పైడిరాజూ."

"ఆపకుండా ఎలా కూస్తామండి? కూత అంటే ఒకటేగదండీ. కూయాలి, అవతలి ఊరి పుంజు ఏమంటుందో వినాలి, మళ్లీ కూయాలి."

"చెడుగుడులో వినడం ఉండదురా."

"ఆయ్, మరి మా దొడ్డిలో నన్నెప్పుడూ ఆటలోకి దింపలేదండి. నేను తెల్లారగట్ల లేపేవాణ్ణంతే."

కొండడు ఒక్క పరుగు తీశాడు. గడ్డివాము దగ్గరికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆట కూత వేరు, కోడి కూత వేరు, మనం మాట విని మోసపోయాం అన్నాడు. ఇంకా రోజులున్నాయి, వెళ్లి సోముల్ని అడుగుదాం, కాళ్లు పట్టుకునైనా తెచ్చుకుందాం అన్నాడు.

అక్కడ ఒప్పుకుని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. కానీ ఒప్పుకోవడానికి సింగన్నకి మనసు రాలేదు. మార్పిడి తప్పంటే తను తప్పన్నట్టే. ఇన్ని రోజులుగా గెలిచాం గెలిచాం అని దొడ్డంతా చాటిన నోటితో ఇప్పుడేమనాలి?

"అప్పుడే పెదవి విరిస్తే ఎలారా కొండడూ? వచ్చి నెల కాలేదు, అలవాటు పడద్దా?"

"పైగా ఇవాళ మబ్బు," అంది నూకాలు. "కోడి కూత తెల్లారగట్లే బాగుంటది. మిట్టమధ్యాన్నం ఆడిస్తే ఆడి తప్పా?"

"అద్దీ మాట!" సింగన్న లేచి నిలబడ్డాడు. "ఈసారి పోటీ తెల్లారగట్ల పెట్టమని అడుగుదాం."

"సోముల్ని అడగొచ్చు కదా," అన్నాడు బుచ్చెయ్య. ఎవరూ వినిపించుకోలేదు.

పోటీ తెల్లారగట్ల పెడదామని కబురు పంపితే తాతారావు ఒక్క పేచీ పెట్టలేదు. మీ ఇష్టమేనండి అన్నాడు. అంత తేలిగ్గా ఎందుకొప్పుకున్నాడని ఎవరైనా ఆలోచించాలి కదా? ఊహూ, అదీ మన గెలుపే అనుకున్నారు.

కొండడు మాత్రం ఊరుకోలేదు. రోజూ పైడిరాజుని కూర్చోబెట్టి సాధన చేయించాడు. పెద్ద కూత వద్దు, గొంతులోనే కొక్ కొక్ కొక్ అని ఆపకుండా గొణుగు అన్నాడు. పాపం పుంజు బుద్ధిగా నేర్చుకుంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆపకుండా గొణగగలిగింది. పోటీ నాటికి పదిహేను దాకా వచ్చింది. కొండడికి కాస్త ఆశ పుట్టింది.

మాఘంలో పోటీ. కళ్లంలో మంచు ఇంకా విడలేదు. రెండు దొడ్లూ చుట్టూ నిలబడ్డాయి. బంగారి కూడా వచ్చింది, పొట్ట బరువుతో, కళ్లం అంచున పడుకుని చూస్తోంది. సింగన్న ఆమెతో, "ఈ ఎండాకాలం నీకు అద్దంలాంటి నీళ్లు," అన్నాడు.

రేవు దొడ్డి ఏడుగురూ బరిలోకి వచ్చారు. చివర సోములు. వచ్చి ఎప్పటిలాగే గీతకి దగ్గర్లో నిలబడ్డాడు. కాకపోతే అవతలి వైపు. పుంత దొడ్డి వాళ్లకి ఆయన మొహం గీతకి ఎదురుగా కనపడటం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ వెనకనుంచే చూశారు.

ఆట మొదలైంది. కుందేలు కూతకెళ్లింది. తాకింది, తిరిగింది, సోములు అడ్డంగా ఉన్నాడు. అటు ఉరికింది, ఇటు ఉరికింది, ఊపిరి తెగింది. దూడ వెళ్లింది, అంతే. ఒక బాతు వెళ్లింది, కూత తెగింది, రెండో బాతు దాని వెనకే నడిచి బయటికెళ్లింది. ఒక్క దెబ్బకి రెండు. అవతలివాళ్లు కూతకొచ్చి కావలసినవాళ్లని తాకి హాయిగా తిరిగి వెళ్తున్నారు. గీత దగ్గర ఆపేవాడు లేడు.

"అరె, ఎవరైనా అడ్డం నిలబడండర్రా!" అని అరిచాడు సింగన్న. అరిచాక ఆ మాట తన చెవినే పడింది.

కొండడు ప్రాణాలకి తెగించి ఆడాడు. సోములు అడ్డం జరిగేలోపే గీతకి దూకుతూ ఒక్కడే ఐదుగురిని ఔట్ చేశాడు. చివరికి వాడూ దొరికిపోయాడు. పుంత దొడ్డి తరఫున మిగిలింది పైడిరాజు ఒక్కడు. అవతల ఒక గొర్రె, సోములు. గొర్రెని తాకి, ఆ ఊపిరిలోనే సోముల్ని కూడా తాకి గీత దాటితే చాలు, గెలుపే.

పైడిరాజు గీత దాటాడు. కొక్ కొక్ కొక్ కొక్. ఎక్కడా ఆపడం లేదు. గొర్రెకి ముక్కు తగిలించాడు. గడ్డివాము బృందం ఊపిరి బిగబట్టింది. పుంజు వెనక్కి తిరిగింది. ఎదురుగా సోములు, కొండలాగా. అటు వెళ్లింది, సోములు అటో అడుగు వేశాడు. ఇటు వెళ్లింది, ఇటో అడుగు.

"ఎగరరా పైడిరాజూ! ఆడి మీంచి ఎగిరిపో!" అని కేక పెట్టాడు సింగన్న.

నిజమే, పుంజుకి రెక్కలున్నాయి. రెక్కలున్నవాడికి ఎద్దు అడ్డమేంటి? పైడిరాజు ఎగిరాడు. ఒక్క ఎగురులో సోముల వీపెక్కాడు. ఎక్కడంతోనే సోముల్నీ తాకినట్టే. ఇంక వీపు మీంచి అవతలికి దూకితే గీత, గీత తాకితే గెలుపు. బంగారి సైతం లేచి నిలబడింది.

సరిగ్గా అప్పుడే మంచు విడి సూర్యుడు పొడిచాడు.

ఎత్తైన చోటు, ఎదురుగా ఎర్రటి పొద్దు. పుంజు ఏం చేస్తుంది? పైడిరాజు మెడ సాచాడు, రెక్కలు టపటపలాడించాడు, ముందెప్పుడూ కూయనంత అందంగా ఒక్క కూత కూశాడు. కూసి ఆపాడు. తల పక్కకి వంచి, అవతలి ఊరి పుంజు ఏమంటుందోనని విన్నాడు.

దూరంగా ఆ పుంజు బదులు పలికింది.

"కూత తెగింది. ఔట్," అన్నాడు తాతారావు.

సోములు ఒక్క అంగుళం కదల్లేదు. పుంజు దిగడానికి వీలుగా కొంచెం మోకాళ్లు వంచాడంతే.

కొండడు తాతారావు మీదికి దూకబోయాడు. "మోసం చేశావు! కూతగాడన్నావు!"

"నేనాడిన అబద్ధమేదో చెప్పండి కొండడుగారూ," అన్నాడు నక్క. "కూతలో సాటి లేడన్నాను. ఇప్పుడే విన్నారుగా, ఉన్నాడా సాటి? వాడి చేత చెడుగుడు ఆడించి చూపించమని మీరెవరూ నన్నడగలేదండి."

కొండడు తోక దించుకున్నాడు. ఓడినందుక్కాదు, ఆ మాట నిజమైనందుకు.

అంతా అయ్యాక గడ్డివాము కింద మళ్లీ చేరారు. మీరు నమ్మరుగానీ, మళ్లీ అదే చర్చ.

"చూశారా, ఎంత దగ్గరకొచ్చామో!" అంది నూకాలు. "ఆ పొద్దు ఒక్క నిమిషం ఆగి పొడిస్తే మనమే. పైగా పుంజు కుర్రాడు, సోములు ముసలాడు. మూడేళ్లాగి చూడండి, మార్పిడిలో ఎవరు గెలిచారో తెలుస్తది."

"ఈ మూడేళ్లూ ఏం తాగాలి?" అన్నాడు బుచ్చెయ్య.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సింగన్న బంగారి వైపు చూసి, లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన గడ్డివాము కిందికి మళ్లీ రాలేదు.

ఎండలు ముదిరాయి. వాగు ఎండింది. రేవు దొడ్డి పొద్దున్న దిగి తాగేది, పుంత దొడ్డి సాయంత్రం దిగి బురద వడకట్టుకునేది. చైత్రం చివర్లో బంగారి ఈనింది. ఈసారి ఒక్కటే పిల్ల, ఆడది. మూడో రోజు నుంచి ఆ పిల్లకి పాలు చాల్లేదు. తల్లి తాగితే కదా పాలుండేది. బురద వాసనకే బంగారికి వాంతులయ్యేవి.

నాలుగో రోజు పొద్దున్నే సింగన్న సిగ్గు చంపుకుని మడుగు దగ్గరికెళ్లాడు. మడుగు గట్టు మీద కాపలాగా రేవు దొడ్డి వాళ్లు సోముల్నే నిలబెట్టారు. ఆయనకంటే నమ్మకంగా నిలబడేవాడు వాళ్లకి మాత్రం ఎక్కడ దొరుకుతాడు? నీళ్లు ఆయన వెనక తేటగా కనపడుతున్నాయి.

"బావా," అన్నాడు సింగన్న.

"ఏం బావా, బాగున్నావా? చెల్లెమ్మ బాగుందా?"

"ఈనింది. ఆడపిల్ల. పాలు లేవు."

సోములు తల తిప్పి వెనకున్న నీళ్ల వైపు చూశాడు.

"నామీద కోపమా బావా?"

"కోపమెందుకు? ఆ రోజు మీరు మాట్లాడుకున్నదంతా విన్నాను. గడ్డివాముకి అవతలి పక్కనే ఉన్నాను కదా. నాకు వయసైపోయిందనుకున్నప్పుడు కూడా ఏమనిపించలేదు. నిజమే కదా అది. నువ్వొక్కడివైనా వద్దంటావేమోనని చూశాను. అంతే."

సింగన్న తల ఎత్తలేకపోయాడు. గడ్డం ఇసకలో ఆనేలా వంగిపోయాడు. తప్పైపోయింది బావా అని ఏడ్చాడు. కొంతసేపటికి తేరుకుని, "ఒక్క గుక్క," అన్నాడు. "నాక్కాదు. దానికోసం. ఎవరూ చూడ్డంలేదు."

"ఎవరూ చూడకపోతే మాత్రం?" అన్నాడు సోములు మెత్తగా. "నన్ను నమ్మి నిలబెట్టారు. నువ్వు దిగడానికి వీల్లేదు బావా. చెల్లెమ్మని పంపించు. నా వంతు నీళ్లు ఆవిడ తాగుతుంది, నేను సాయంత్రం బురద తాగుతాను. పిల్లకి పాలు వచ్చేదాకా రోజూ రమ్మను. నేను చెప్పుకుంటాను వాళ్లతో. మా దొడ్డి వాళ్లు మంచోళ్లే, కాదనరు."

బంగారికి నీళ్లు దొరికాయి. పిల్ల బతుకుతుంది. సింగన్నకి ఆ సంతోషం ఉండాల్సిందే. కానీ ఇసకలో వెనక్కి నడుస్తున్నంతసేపూ సోములు మామూలుగా, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అన్న మాట ఒక్కటే ఆయన చెవిలో ఉంది. మా దొడ్డి వాళ్లు అన్నాడు బావ.

మనకోసం నిలబడ్డవాణ్ణి ఇచ్చేశాక, బదులుగా తెచ్చుకున్నవి ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నా తక్కువే వస్తాయి.